డి డ్రైవ్‌లో ఉండిపోయిన విచర్ 3ని లినక్స్‌లో నడిపించిన కథ

మా తమ్ముడి లాప్‌టాప్ 2017 నాటిది. ఏడో జనరేషన్ ఐ5, జీటీఎక్స్ 1050 గ్రాఫిక్స్ కార్డు, 8 జీబీ ర్యామ్. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది, విండోస్ 11 వేద్దామంటే ఈ ప్రాసెసర్ దాని జాబితాలో లేదు. షాపులో అడిగితే పాతదైపోయింది, కొత్తది తీసుకోండి అన్నారట. కీబోర్డు నుంచి కార్డు దాకా అన్నీ శుభ్రంగా పనిచేస్తున్న మెషీన్‌ని మూల పడేయడానికి నాకు మనసొప్పలేదు. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు విండోస్‌కి బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసిస్తానన్నాను. వాడు అడిగింది ఒక్కటే: "అన్నా, మరి నా గేమ్స్?"

వాడి గేమ్స్ అంటే ముఖ్యంగా విచర్ 3. 50 జీబీ పైన ఉంటుంది. మా ఊళ్ళో ఇంకా ఫైబర్ రాలేదు, ఫోన్ హాట్‌స్పాట్ మీద రోజుకి 2 జీబీ. మళ్ళీ దించాలంటే నెల పడుతుంది. అందుకని సి డ్రైవ్ మాత్రం తుడిచి మింట్ వేసి, గేమ్స్ ఉన్న డి డ్రైవ్‌ని ముట్టుకోకుండా అలాగే ఉంచాను (విండోస్‌ని చివరిసారి షట్‌డౌన్ చేసే ముందు ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి, లేకపోతే ఆ డ్రైవ్ లినక్స్‌లో చదవడానికే తప్ప రాయడానికి కుదరదు). స్టీమ్ (గేములు కొని, దించుకుని ఆడే ప్రోగ్రామ్) పెట్టి, డి డ్రైవ్‌లో ఉన్న గేముల లైబ్రరీని దానికి చూపించాను. గేమ్ కనపడింది. ప్లే నొక్కాం. రెండు సెకన్లు 'రన్నింగ్' అని చూపించి మళ్ళీ ప్లే దగ్గరికే వచ్చింది. ఎర్రర్ లేదు, మెసేజ్ లేదు. మళ్ళీ నొక్కాం, మళ్ళీ అంతే. వాడి మొహం చూడలేకపోయాను.

ఆ రాత్రి కూర్చుని వెతికేటప్పుడు, అసలు ఇదెలా నడుస్తుందో వాడికి చెప్తూ వెళ్ళాను. ఇది తెలిస్తే సగం టెన్షన్ పోతుంది కాబట్టి ఇక్కడా రాస్తున్నాను.

చాలామంది అనుకున్నట్టు లోపల ఎక్కడో ఒక దొంగ విండోస్ దాక్కుని ఉండదు. గేమ్ ఈఎక్స్ఈలో, అంటే గేమ్ ప్రోగ్రామ్ ఫైల్‌లో, ఉన్న సూచనలు మన ప్రాసెసర్‌కి నేరుగా అర్థమయ్యేవే, వాటిని ఎవరూ అనువదించక్కర్లేదు. తేడా వచ్చేది గేమ్ సిస్టమ్‌ని ఏదైనా అడిగినప్పుడు. ఫలానా ఫైల్ తెరువు, ఇంత మెమరీ ఇవ్వు, ఒక విండో గీయి అని విండోస్‌కి తెలిసిన పేర్లతో అడుగుతుంది. అవే పేర్లతో ఉన్న డీఎల్ఎల్‌లను (ప్రోగ్రాములు వాడుకునే కోడ్ ఫైళ్ళు) వైన్ వాళ్ళు సొంతంగా రాసి పెట్టారు. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపించే సాఫ్ట్‌వేర్ పేరే వైన్. ఉత్తరం అదే చిరునామాకి వస్తుంది, తలుపు తీసే మనిషి వేరు. అడిగిన పని చేసిపెడుతున్నంతసేపూ గేమ్‌కి ఆ తేడా తెలియదు. వైన్ ఈజ్ నాట్ ఎన్ ఎమ్యులేటర్ (ఇంకో మెషీన్‌ని అనుకరించేది కాదు) అని పేరు పెట్టుకుంది అందుకే.

ఈ పని 1993లో మొదలైంది. మరుసటి ఏడాది నుంచి ఇప్పటిదాకా అలెగ్జాండర్ జులియార్ దీన్ని నడిపిస్తున్నారు. 1.0 అని పేరు పెట్టుకోవడానికి 2008 దాకా పట్టింది, అంటే పదిహేనేళ్ళు! లోపల ఎలా ఉందో ఎవరూ చూపించని ఒక సిస్టమ్‌ని, బయట నుంచి ఒక్కో ఫంక్షన్ తట్టి చూస్తూ, దాని తప్పులతో సహా అచ్చంగా అలాగే రాసుకుంటూ వచ్చారు. తప్పులతో సహా అని ఎందుకన్నానంటే, కొన్ని గేములు ఆ తప్పుల మీద ఆధారపడి నడుస్తాయి మరి. నాకు ఈ మనుషుల మీద ఉన్న గౌరవం అంతా ఇంతా కాదు.

గ్రాఫిక్స్‌కి మాత్రం నిజంగానే దుబాసీ కావాలి. బొమ్మ గీయమని కార్డుని అడగడానికి గేమ్ డైరెక్ట్3డీ (విండోస్ డైరెక్ట్ఎక్స్‌లో ఒక భాగం) మాట్లాడుతుంది, లినక్స్ డ్రైవర్‌కి వల్కన్ అనే ఇంకో భాష అర్థమవుతుంది. మధ్యలో నిలబడేది డీఎక్స్‌వీకే. ఫిలిప్ రెబోలే అనే ఆయన నియర్: ఆటోమాటా లినక్స్‌లో ఆడుకోవాలని దీన్ని మొదలుపెట్టారు. ఒక్క గేమ్ మీద ఇష్టంతో మొదలైన ఆ పని ఇవాళ వేల గేములను మోస్తోంది. స్టీమ్‌ని నడిపే వాల్వ్ కంపెనీ 2018 ఆగస్టులో వైన్‌నీ దీన్నీ కలిపి ప్రోటాన్ అని స్టీమ్‌లోనే పెట్టేసింది. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ అనే చేతిలో పట్టుకునే గేమ్ మెషీన్‌లో విండోస్ గేములు నడిచేది కూడా దీని మీదే.

ఇక మా డి డ్రైవ్ సంగతి. స్టీమ్‌ని టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే విండో) నుంచి తెరిచి, ప్లే నొక్కినప్పుడు అది కక్కే వరుసలన్నీ చదివాను. చివర్లో దొరికింది. ప్రోటాన్ ప్రతి గేమ్‌కీ ఒక బుల్లి సి డ్రైవ్ తయారుచేస్తుంది, దాన్ని ప్రిఫిక్స్ అంటారు. లైబ్రరీలో కంపాట్‌డేటా అనే ఫోల్డర్, దాని కింద గేమ్ నంబరు పేరుతో ఇంకో ఫోల్డర్, విచర్ 3కి అది 292030. అందులో డాస్‌డివైసెస్ అనే చోట 'సి:' అని, 'జెడ్:' అని రెండు లింకులు పెట్టుకుంటుంది. కోలన్‌తో సహా. విండోస్‌లో ఫైల్ పేరులో కోలన్ కుదరదు. డి డ్రైవ్ ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ వాడే డిస్క్ ఫార్మాట్) కాబట్టి, దాన్ని తెరిచిన మింట్ విండోస్ నియమాలు పాటిస్తూ ఆ పేరుని ఒప్పుకోలేదు. సి డ్రైవే తయారు కాకపోతే గేమ్ ఎక్కడ నడుస్తుంది? రెండు చుక్కల దగ్గర 50 జీబీ గేమ్ ఆగిపోయింది.

పరిష్కారం ఐదు నిమిషాల పని. డి డ్రైవ్‌లోని కంపాట్‌డేటా ఫోల్డర్ తీసేసి, లినక్స్ పార్టిషన్‌లో అదే పేరుతో ఒకటి చేసి, పాత చోట దానికి సింబాలిక్ లింక్ (అసలు ఫోల్డర్‌కి దారి చూపే లింకు) ఇచ్చాను. ప్లే నొక్కితే లాంచర్ వచ్చింది. తరవాత పండగ అయ్యాక గేమ్ మొత్తాన్ని ఈఎక్స్‌టీ4లోకి (లినక్స్ సొంత డిస్క్ ఫార్మాట్) కాపీ చేసి డి డ్రైవ్‌ని కూడా ఫార్మాట్ చేసేశాను. మీకు డిస్కులో చోటుంటే మొదటే ఆ పని చేయండి, ఎన్‌టీఎఫ్ఎస్ మీద ఎక్కువ రోజులు నెట్టుకురావద్దు.

లాంచర్‌లో డైరెక్ట్ఎక్స్ 11, 12 అని రెండు వస్తాయి. ఈ పాత కార్డుకి 11 పెట్టండి. 12ని వల్కన్‌లోకి మార్చేది వీకేడీ3డీ-ప్రోటాన్ అని వేరే లేయర్, అది బాగానే పనిచేస్తుంది కానీ 12 మోడ్ ఈ గేమ్‌లో ఏ సిస్టమ్ మీదైనా బరువే. మొదటి పది నిమిషాలు కొత్త చోటికి వెళ్ళినప్పుడల్లా చిన్న కుదుపు వచ్చేది, షేడర్లు (కార్డు మీద నడిచే చిన్న ప్రోగ్రాములు) అప్పటికప్పుడు వల్కన్ రూపంలోకి మారుతుంటాయి కాబట్టి. అది చూసి గేమ్ పాడైందనుకుని తీసేసిన వాళ్ళు నాకు తెలుసు. కాసేపు ఓపిక పట్టండి, ఒకసారి తయారైనవి క్యాష్‌లో ఉంటాయి. ఇంకో గేమ్‌లో కట్‌సీన్ రావాల్సిన చోట రంగు చారలు వచ్చాయి, అచ్చం పాత దూరదర్శన్‌లో ప్రసారం మొదలయ్యే ముందు వచ్చే చారల్లాగే. ఆ వీడియో ఫార్మాట్‌ని ప్రోటాన్ అప్పటికి చదవలేకపోయిందన్నమాట. జీఈ-ప్రోటాన్ అనే ఇంకో ప్రోటాన్ రూపానికి మార్చాక సరిపోయింది.

తరవాతి ప్రశ్న వస్తుందని తెలుసు. "అన్నా, వాలొరెంట్ కూడా పెట్టవా?"

"కుదరదు రా."

వాడికి ఇది జీర్ణం కాలేదు, నాకూ కాదు. వాలొరెంట్ ఆన్‌లైన్ గేమ్, అందులో మోసాలను పట్టే యాంటీ-చీట్ పేరు వాన్‌గార్డ్. అది విండోస్ బూట్ అయ్యేటప్పుడే కెర్నల్‌లోకి (సిస్టమ్ లోపలి గుండెకాయలోకి) ఎక్కి కూర్చుంటుంది. వైన్ మామూలు ప్రోగ్రామ్‌లాగే కెర్నల్ బయట నడుస్తుంది, అక్కడ ఆ డ్రైవర్‌కి చోటే లేదు. ఇది సాంకేతికంగా నిజమైన అడ్డు, ఒప్పుకుంటాను. కానీ వేరే గేములు వాడే ఈజీ యాంటీ-చీట్, బాటిల్ఐ అనే రెండు యాంటీ-చీట్‌లూ 2021 నుంచే ప్రోటాన్‌లో నడవగలవు, గేమ్ చేసినవాళ్ళు సరే అనాలి అంతే. చాలామంది అనడం లేదు. ఎపెక్స్ లెజెండ్స్ అనే గేమ్ అయితే కొన్నాళ్ళు లినక్స్‌లో బాగా నడిచాక, 2024 చివర్లో మోసాల కారణం చెప్పి తలుపు మూసేశారు. మోసం చేసేవాళ్ళ బాధ నిజమే కావచ్చు, డబ్బు పెట్టి, గంటలు పెట్టి, నిజాయితీగా ఆడుకున్నవాళ్ళని కూడా వాళ్ళతో కలిపి బయటికి పంపడం మాత్రం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. మీ స్నేహితులంతా ఆడేది వాలొరెంటో ఫోర్ట్‌నైటో అయితే లినక్స్‌కి రాకముందే ఈ మాట తెలుసుకోండి. కౌంటర్-స్ట్రైక్ 2, డోటా 2 అయితే ఏ లేయరూ లేకుండా నేరుగా లినక్స్‌లోనే నడుస్తాయి, ప్రస్తుతానికి వాడు అటు తిరిగాడు.

ఒకటి మిగిలింది. మొదటిసారి గేమ్ తెరుచుకున్నప్పుడు 'న్యూ గేమ్' ఒక్కటే కనపడింది. రెండేళ్ళుగా ఆడుకున్న సేవ్‌లు లేవు. సి డ్రైవ్ తుడిచే ముందు వాడి డాక్యుమెంట్స్ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి తీసి ఉంచాను. ప్రిఫిక్స్ లోపల కూడా అచ్చంగా విండోస్ లాగే యూజర్స్ ఉంటుంది, దాని కింద స్టీమ్‌యూజర్, దాని కింద డాక్యుమెంట్స్, అందులో ది విచర్ 3 ఫోల్డర్. పెన్‌డ్రైవ్‌లో ఉన్న గేమ్‌సేవ్స్ ఫోల్డర్‌ని అక్కడ పెట్టి, గేమ్ మళ్ళీ తెరిచి, మౌస్ వాడి చేతికిచ్చాను. 'కంటిన్యూ' వచ్చింది. నొక్కాడు. నోవిగ్రాడ్ రేవు, రాత్రి, వాన, పక్కన గుర్రం. "ఇక్కడే ఆపానన్నా" అన్నాడు. అమ్మ భోజనానికి మూడోసారి పిలుస్తోంది.