వరసలో నిలబడమన్నారు

ఇక్కడ అమెరికాలో నాయకుల నోట తరచూ వినే మాట ఒకటుంది: చట్టప్రకారం వచ్చేవారంటే తమకు ఎంతో గౌరవమని, ఎవరైనా వరసలో నిలబడి రావాలని. రెండు పార్టీలవారూ ఇదే అంటారు. నేను ఆ వరసలోనే ఉన్నాను. శాశ్వతంగా ఉండనిచ్చే గ్రీన్ కార్డు కోసం మా కంపెనీ నా తరఫున దరఖాస్తు పెట్టింది 2014లో. అప్పుడు మా అమ్మాయికి ఎనిమిదేళ్లు.

ఏ దేశంవారి వరస ఏ తేదీ దాకా వచ్చిందో చెప్పే వీసా బులెటిన్‌ను విదేశాంగ శాఖ నెలనెలా విడుదల చేస్తుంది. అది వచ్చిన రోజు నా భార్య పొయ్యి దగ్గర నుంచే "కదిలిందా?" అని అడుగుతుంది. నేను ఫోనులో ఇండియా గడి వెతుకుతాను. ఒక్కోసారి కొన్ని వారాలు ముందుకు జరుగుతుంది, చాలాసార్లు కదలదు, ఒక్కోసారి ఏకంగా వెనక్కి పోతుంది. "లేదు" అంటాను. ఆమె మళ్లీ అడగదు.

ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. భార్యాపిల్లలవీ ఆ లెక్కలోనే. ఒక దేశంవారికి మామూలుగా 7 శాతం దాటకూడదు. 140 కోట్ల భారతదేశానికీ, నాలుగు లక్షలైనా లేని ఐస్‌లాండ్‌కూ ఒకటే హద్దు. 1990 నాటి చట్టం ఇది. ఇది అన్యాయమని ఆ నాయకులకు తెలియక కాదు. 2019 జులైలో ప్రతినిధుల సభ ఈ హద్దు తీసేసే బిల్లును 365–65 ఓట్లతో ఆమోదించింది. 2020 డిసెంబరులో సెనేట్ కూడా ఒక్క అభ్యంతరం లేకుండా ఆమోదించింది, కాని వేరే రూపంలో. రెంటినీ కలపడానికి ఎవరూ పూనుకోలేదు. జనవరిలో ఈ రెండు సభలూ కలిసిన ఆ కాంగ్రెస్ గడువు ముగిసింది, బిల్లు దాంతోపాటే పోయింది. మేం మద్దతిచ్చామని మాత్రం ఇరుపక్షాలూ చెప్పుకోగలిగాయి. 2022 డిసెంబరులో బైడెన్ ప్రభుత్వం అలాంటి బిల్లునే సమర్థించింది. సభలో మెజారిటీ ఆయన పార్టీ డెమోక్రాట్లదే. అయినా ఓటింగు దాకా రానివ్వకుండా పక్కన పెట్టారు. 2024 జూన్‌లో ట్రంప్, ఇక్కడి కాలేజీలో చదివినవారికి పట్టాతోపాటే గ్రీన్ కార్డు ఇవ్వాలన్నారు. 2025 సెప్టెంబరులో ఆయనే హెచ్-1బి అనే ఉద్యోగ వీసా కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్లు కట్టాలన్న ప్రకటన మీద సంతకం పెట్టారు.

మమ్మల్ని వద్దంటే వద్దనే చెప్పవచ్చు. బాధపడి, మూటాముల్లె సర్దుకునేవాళ్లం. రమ్మని, పన్ను కట్టించుకుని, ఓపిక పట్టమని పొగిడి, ఆ ఓపికకు ఫలితం రాకుండా చూడటమే నాకు మింగుడుపడదు. మా ప్రాంత ప్రతినిధికి మూడుసార్లు ఉత్తరం రాశాను. మూడుసార్లూ ఒకే జవాబు వచ్చింది. ఒక్క వాక్యం కూడా మారలేదు, పైన తేదీ తప్ప.

అమ్మాయికి వచ్చే ఆగస్టుకు 21 నిండుతాయి. ఆ రోజుతో మా మీద ఆధారపడిన వీసా పోతుంది. విద్యార్థి వీసాకు మారాలని లాయరు చెప్పారు. దానికి, చదువయ్యాక స్వదేశానికి తిరిగి వెళ్లిపోతానని తను ప్రభుత్వాన్ని నమ్మించాలి. రెండేళ్ల వయసులో విజయవాడ విడిచిన పిల్ల. కాగితాలు భోజనాల బల్ల మీద పరుచుకుని చాలాసేపు చదివింది.

"నాన్నా, ఇది నిజం కాదు కదా. ఎలా రాయను?" అంది.

ఆ దరఖాస్తు ఇంకా పంపలేదు.