పరిషత్తు గొంతుతో డబ్బింగ్ చెప్పబోతే: నా అనుభవం

మొన్ననే నా సినిమా వేషానికి డబ్బింగ్ పూర్తయింది. ఒళ్లుమంట చల్లారకముందే రాసేస్తున్నాను. నాటకాలు ఆడుతూ సినిమాల వైపు చూస్తున్నవాళ్లకి ఎవరికైనా పనికొస్తుందని.

మాది గుంటూరు జిల్లా. బడిపంతులు ఉద్యోగం చేసుకుంటూ ఏళ్ల తరబడి పరిషత్తుల్లో, అంటే నాటక పోటీల్లో, నాటికలు ఆడాను. ఉత్తమ క్యారెక్టర్ నటుడు బహుమతులు పెట్టడానికి మా ఇంట్లో బీరువా చాలదు, ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, సరే, కొంచెం గొప్ప కోసమే. మా గురువుగారు రిహార్సల్‌లో మైకు కట్టేయించి, హాలు చివర కూర్చుని "వినపడట్లేదురా" అని కేకేసేవారు. అలా తయారైన గొంతు నాది.

వేషం దొరకడం పెద్ద కష్టమేం కాలేదు. పరిషత్తులో మా నాటిక చూసిన ఒక కో-డైరెక్టరు నంబరు తీసుకున్నాడు, ఫొటోలూ ఒక వీడియో పంపమన్నాడు, హీరోయిన్‌కి పెదనాన్న వేషం ఖాయమైంది. షూటింగూ అంతే. "కొంచెం తగ్గించండి మాస్టారూ" అంటారు, తగ్గించాలి. ఎండలో కూర్చోబెడతారు, కూర్చోవాలి.

అసలు కథ హైదరాబాద్ కృష్ణానగర్ సందులో, చెప్పులు బయట విప్పి లోపలికెళ్లే ఆ ఏసీ గదిలో మొదలైంది. ఎదురుగా తెర, మధ్యలో మైకు, చెవులకి హెడ్‌ఫోన్, అందులో పైలట్ ట్రాక్, అంటే షూటింగ్‌నాడు రికార్డయిన మాటలు. ఎదుటి పాత్ర మనిషి ఉండడు. హీరోయిన్ డబ్బింగ్ ఎప్పుడో అయిపోయిందట. నాటకంలో ఎదుటివాడి కళ్లలోకి చూసి మాట అందుకునే అలవాటున్నవాడికి ఇది ఎంత నరకమో మీరే ఆలోచించండి. అక్కడ నా బొమ్మని నేనే చూస్తూ, అది నోరు తెరిచినప్పుడే నేనూ తెరవాలి. మొదటి డైలాగ్ చెప్పానో లేదో అద్దం వెనకనుంచి సౌండ్ ఇంజనీర్ కుర్రాడు, మా మనవడి కంటే నాలుగైదేళ్లు పెద్దవాడేమో, "అంకుల్, మైక్‌ని తిట్టకండి, దగ్గరగానే ఉంది" అన్నాడు. లోపల ఇంకెవరో నవ్వారు. ఆ నవ్వు హెడ్‌ఫోన్‌లో వినపడింది.

గొంతు తగ్గించాను. తగ్గిస్తే "ఫీల్ లేదు" అన్నాడు డబ్బింగ్ ఇన్‌ఛార్జి. పెంచితే "నాటకంలా ఉంది". ఈ మాట తిట్టులా ఎందుకు వాడతారో నాకు ఈ జన్మకి అర్థం కాదు. 1932లో తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద వచ్చినప్పుడు సురభి కమలాబాయి లాంటి రంగస్థలం వాళ్లే కదా వచ్చి తెలుగు తెరకి మాట నేర్పింది! కోట శ్రీనివాసరావు గారు బ్యాంకు ఉద్యోగం చేస్తూ నాటకాలాడిన మనిషి, 1978లో ప్రాణం ఖరీదుతో సినిమాల్లోకి వచ్చారు, అది కూడా అంతకుముందు నాటకమే. మా గుంటూరులోనే ఉండి 2020లో పోయిన జయప్రకాష్ రెడ్డి గారు కూడా మాలాగే మాస్టారే, నాటకాలవారే. ఆయన నోట్లోంచి ఆ సీమ యాస తీసేసి ఇంకెవరి గొంతో అతికిస్తే జనం అంతగా తలుచుకునేవాళ్లా?

సరే, అసలు దెబ్బ ఇంకా ఉంది. ఒక సీన్‌లో నేను "పొలం తాకట్టు పెట్టాడు" అన్నాను. ఎడిటింగ్‌లో పొలం సీన్ మొత్తం లేచిపోయిందట, కాబట్టి ఇప్పుడు "ఇల్లు తాకట్టు పెట్టాడు" అనాలి. ఎన్నిసార్లు చెప్పినా తెర మీద నా పెదాలు ఒకదారి, గొంతు ఇంకోదారి. పకారానికి పెదాలు మూసుకుంటాయి, ఇకారానికి మూసుకోవు, నేనేం చేయను? ఇన్‌ఛార్జికి విసుగొచ్చి, "సార్ కాసేపు బయట కూర్చోండి, మావాడితో ఒకసారి ట్రై చేస్తాం" అన్నాడు. నా ఎదురుగానే, నా హెడ్‌ఫోన్ తీసి ఒక కుర్రాడికి తగిలించాడు. బయట వరండాలో వాటర్ క్యాన్ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. తలుపు సందులోంచి, ముసలి గొంతు తెచ్చుకుని వాడు చెబుతున్న నా డైలాగ్ వినపడుతోంది. పంతులుగా, నటుడిగా ఇన్నేళ్లలో అంత చిన్నబోయింది లేదు.

వాడికీ కుదరలేదు. కుదరదు! సమస్య గొంతులో లేదు కదా, మాటలో ఉంది. అక్కడే కూర్చుని పెదాలు కదుపుతూ ఆలోచించాను. లోపలికెళ్లి, "బాబూ, ఇల్లు వద్దు, 'కొంప తాకట్టు పెట్టాడు' అంటా, చూడు" అన్నాను. పొలానికీ కొంపకీ నోరు గుండ్రంగానే తిరుగుతుంది, ఆ వెనకే పెదాలు మూసుకుంటాయి. చెప్పాను. ఇంజనీర్ కుర్రాడు ఒక వెంట్రుకవాసి వెనక్కి జరిపాడు, అతికినట్టు కూర్చుంది. పైగా పెదనాన్న కోపానికి ఇల్లు కంటే కొంపే బాగుంది. ఇన్‌ఛార్జి బాగుందని మాత్రం అనలేదు, "నెక్స్ట్" అన్నాడు. మిగతావి గబగబా అయిపోయాయి.

వెళ్లేవాళ్లకి చెప్పేది: ముందురోజు పెరుగు, ఐస్ ముట్టకండి. మారిన డైలాగులు ముందే కాగితం మీద అడగండి, ఇవ్వరు, అయినా అడగండి. మిగిలిన డబ్బులు చేతిలో పడకుండా మైకు ముందు నిలబడకండి, డబ్బింగ్ అయ్యాక మేనేజరు మీ ఫోన్ ఎత్తడు. ఈ ముక్క నాకొక సీనియర్ ముందే చెవిలో వేశారు కాబట్టి నేను బతికిపోయాను. ఇన్‌ఛార్జి పక్కన నిలబడే పొగడ్తలరాయుళ్లతో మాట్లాడి నోరు పాడుచేసుకోకండి, ఇంజనీర్‌తో స్నేహంగా ఉండండి, పని తెలిసినవాడు అక్కడ అతనొక్కడే.

మాటలూ సంగీతమూ మిగతా శబ్దాలూ కలిపే మిక్సింగ్ ఇంకా కాలేదు. అప్పటిదాకా తెరమీద నా గొంతే ఉంటుందన్న గ్యారంటీ లేదు. ఇంజనీర్ కుర్రాడు నంబరిచ్చాడు, వచ్చేవారం ఫోన్ చేసి కనుక్కుంటాను.