గుండీ పెట్టని జేబు

తిరుపతిలో గాంధీ రోడ్డు వెనక సందులో మా స్టూడియో. మా నాన్న కాలంలో పెళ్లి ఫోటోల కోసం జనం మెట్ల మీద కూర్చునేవాళ్లు. ఇప్పుడు పాస్‌పోర్ట్ సైజులు, పోయినవాళ్ల ఫోటోలు పెద్దవి చేసివ్వడం, అంతే.

పోయిన నెల మా వీధి మిలిటరీ తాత బట్టల షాపు కవర్ పట్టుకుని వచ్చాడు. లోపల యూనిఫాం, కలరా ఉండల వాసన. "అబ్బయ్యా, నిలబడి ఒకటి తీయాల. గోడకు పెట్టుకునేది" అన్నాడు. 76 ఏళ్ల మనిషి. 1971 యుద్ధంలో పడమటి సరిహద్దులో ఉన్నాడు. అక్కడి సంగతులు అడిగితే చలి గురించి మాత్రం మాట్లాడతాడు.

ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడెందుకు అంటే, 2021 ఫిబ్రవరిలో ఆ విజయానికి యాభై ఏళ్లని మిలిటరీవాళ్లు ఊరూరా తిప్పిన విజయజ్వాల తిరుపతికి వచ్చింది కదా, ఆ యుద్ధానికి మహావీర చక్ర అందుకున్న మేజర్ జనరల్ వేణుగోపాల్ గారిని అప్పుడు పేపర్లో చూసినప్పటి నుంచి మనసులో ఉందట. నాలుగైదేళ్లు ఆలోచించి వచ్చాడన్నమాట.

నిజం చెప్పాలంటే నాకు బద్ధకమేసింది. కంప్యూటర్లో రెడీమేడ్ మిలిటరీ డ్రెస్సులున్నాయి, మొహం అతికిస్తే పది నిమిషాల పని. ఒకటి తెరిచి చూపించా. తాత స్క్రీన్ మీద వేలు పెట్టాడు.

"ఈ రెక్కలు పారాచూట్‌తో దూకేవాళ్లవి. నేను విమానంలోంచి దూకతానంటే మీ అవ్వ ఊరుకునేదా? ఈ రిబ్బన్లు ఎవరివో ఏమో. ఇవి పెట్టుకుంటే నేను దొంగోణ్ణి."

అప్పుడు నా ఫోన్లో దాచుకున్న ఫోటోలు గుర్తొచ్చాయి. నెపోలియన్ సైన్యంలో పనిచేసిన ముసలివాళ్లవి, మొత్తం 15. అమెరికాలో బ్రౌన్ యూనివర్సిటీ వాళ్ల దగ్గర భద్రంగా ఉన్నాయి. 1815లో వాటర్లూలో ఓడిపోయి నలభై ఏళ్లు దాటాక, మళ్లీ ఆనాటి వేషంలో ఒక్కొక్కరే కెమెరా ముందు నిలబడ్డారు. తారియా అనే సార్జెంటు ఎలుగుబంటి తోలు టోపీలో ఉంటాడు. ఆ టోపీ కింద మొహం మన గోవిందరాజస్వామి గుడి దగ్గర అరుగు మీద కూర్చునే ఏ పెద్దాయనదైనా కావచ్చు.

నేను మొహాలు చూపిస్తుంటే తాత ఛాతీ మీదకు జూమ్ చేయమన్నాడు. "అందరికీ ఒకే మెడల్ ఉందే?"

నిజమే. అది సెయింట్ హెలీనా పతకం. నెపోలియన్ సైన్యంలో అప్పటికి బతికున్నవాళ్ల కోసం అతని తమ్ముడి కొడుకు మూడో నెపోలియన్ 1857 ఆగస్టులో పెట్టించాడు. కాబట్టి ఫోటోలు అంతకు ముందువి కావడానికి వీల్లేదు, 1858 నాటివంటారు. ముప్పై ఏళ్లుగా ఫోటోల మీద బతుకుతున్నా నేను, ఆ పతకం సంగతి చదివితే గానీ తెలియలేదు. ఈయన కంటికి మొదట అదే ఆనింది.

సరే, లైట్లు వేశా. తాత లోపలికెళ్లి వేసుకొచ్చాడు. ఆకుపచ్చ చొక్కా బాగా వదులైపోయింది, కాలర్‌లో మెడ ఒక పక్కకు ఉంది. ఎడమ జేబు పైన పశ్చిమీ స్టార్ రిబ్బన్, 71లో పడమటి సరిహద్దులో పనిచేసినవాళ్లకిచ్చిన పతకానిది. పెళ్లికొడుకుల సూట్లకు చేసినట్టే వెనక నాలుగు బట్టల క్లిప్పులు పెట్టి బిగించబోయా.

"తీసెయ్. పరేడ్‌లో వెనకనుంచి కూడా చూస్తారు."

"ఫోటోలో వెనక పడదు తాతా."

"నాకు తెలుస్తుంది గదా."

తీసేశా. చొక్కా లోపల మనిషి ఎంత తగ్గిపోయాడో అలాగే పడింది. మడమలు కలిపి నిలబడ్డాడు. ఎనిమిది తీశాను, ఏ ఒక్కదాంట్లోనూ రెప్ప వేయలేదు. గడ్డం కింద నీడ కొంచెం తగ్గించా, ముడతలు ముట్టుకోలేదు. మామూలుగా అడక్కుండానే తీసేస్తుంటాను.

రెండు రోజులకు ప్రింట్ చేతికిచ్చా. చాలాసేపు చూశాడు. బాగుందంటాడనుకున్నా.

"కుడి జేబు గుండీ పెట్టుకోలేదు. నువ్వన్నా చెప్పద్దా?"

చూస్తే నిజంగానే లేదు. కంప్యూటర్లో పెట్టేస్తానని నోటిదాకా వచ్చింది, మింగేశా. మర్నాడు పొద్దున్నే ఏడింటికి, షట్టర్ ఎత్తకముందే, అదే కవర్‌తో మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.