మరావా ద్వీపపు కుండ

శనివారం, అబుదాబి

సెలవు కావడంతో ఇంటి పనులు పెందలాడే ముగించుకొని, మధ్యాహ్నమంతా గల్ఫ్ తీరపు తవ్వకాల వివరాలు చదువుతూ కూర్చున్నాను. మేముంటున్న ఈ నగరానికి పడమటి దిక్కున ఉన్న మరావా ద్వీపంలో దాదాపు పూర్తి రూపంతో ఒక కుండ దొరికింది. లేత రంగు మట్టి మీద నల్లని గీతల అలంకారం ఉన్న ఆ కుండకు సుమారు 7,500 ఏళ్ల వయసుంటుంది. దాన్ని చేసినవారు దక్షిణ ఇరాక్‌లోని ఉబైద్ సంస్కృతికి చెందిన కుమ్మరులు. సౌదీ తూర్పు తీరంలో ఇటువంటి పెంకులు బయటపడ్డాక, వాటి మట్టిని విశ్లేషించి 1977లో ప్రచురించిన అధ్యయనం రంగులద్దిన కుండలన్నీ దక్షిణ ఇరాక్ నుంచి వచ్చినవేనని తేల్చింది.

అవి ఎలా వచ్చాయన్న దానికి కువైట్‌లోని సబియ్యా దగ్గర మంచి ఆధారం ఉంది. ఒకవైపు రెల్లు అచ్చులు, మరోవైపు సముద్రజీవుల గుల్లలు అంటుకొని ఉన్న తారు ముక్కలు అక్కడ దొరికాయి. అంటే రెల్లుతో కట్టి, తారు పూసి, నిజంగా సముద్రంలో తిప్పిన పడవలవి. అదే చోట ఒక మట్టి బిళ్ల మీద తెరచాప కొయ్య ఉన్న పడవ బొమ్మ కూడా ఉంది.

ఈ తీరవాసులు మేకలను, గొర్రెలను, పశువులను తోలుకుంటూ కొంతకాలం సముద్రం ఒడ్డున చేపలు పడుతూ, కొంతకాలం షార్జా లోపలి జెబెల్ బుహైస్ వంటి నీటి వనరుల దగ్గర గడిపేవారని పరిశోధకుల అంచనా. అయితే మరావాలో రాతి గోడల ఇళ్లు కూడా బయటపడ్డాయి కాబట్టి, అందరినీ ఒకే గాటన కట్టి సంచారులనడం నాకు సబబుగా తోచదు.

నన్ను అన్నిటికంటే ఎక్కువసేపు ఆపింది అబుదాబికే చెందిన దల్మా ద్వీపం. అక్కడివారు జిప్సం గచ్చుతో పాత్రలు చేసి, వాటి మీద ఉబైద్ కుండల మాదిరిగానే నల్లని గీతలు గీశారు. ఆ పాత్ర పొయ్యి మీదికి పనికిరాదు. అయినా అంత శ్రద్ధగా రంగు వేశారంటే, నలుగురు కూర్చున్నచోట ముందు పెట్టుకోవడానికే చేసి ఉంటారని నా నమ్మకం. దీన్ని కేవలం అనుకరణ అని తీసిపారేయడం అన్యాయం. దొరికిన వస్తువును మెచ్చి, తమ నేలలో ఉన్న సరుకుతో తమకు కావలసినట్టు మలచుకున్నవారి పని అది.

ఉబైద్ కుండల రాక ఆగిపోయిన తరువాత, ఈ దిగువ తీరంలో చాలా శతాబ్దాలు కుండ అన్నదే దాదాపు కనిపించదు. ఆ కాలాన్ని వెనుకబాటుగా చూడడం నాకు నచ్చదు. మస్కట్ దగ్గరి రాస్ అల్ హమ్రాలో ఆ కాలపు జాలర్లకు కుండలు లేవు. కానీ ఆల్చిప్పలతో చెక్కిన గాలాలున్నాయి, వలలకు కట్టే రాతి బరువులున్నాయి, చనిపోయినవారి పక్కన తాబేలు తలలను పెట్టే ఆచారముంది.