ప్రధాన యాజకుడి కాలికి తాడు లేదు, చేతినిండా పని ఉంది

యూదుల ప్రధాన యాజకుడి కాలికి తాడు కట్టి దేవాలయపు అన్నిటికన్నా లోపలి గదిలోకి, అంటే అతి పరిశుద్ధ స్థలంలోకి పంపేవారని, గంటల చప్పుడు ఆగిపోతే శవాన్ని బయటికి లాగేవారని ప్రసంగాల్లో తరచు వినిపిస్తుంది. ఆ తాడు బైబిల్లో లేదు, యూదుల మౌఖిక ధర్మశాస్త్ర సంకలనమైన మిష్నాలో లేదు, దాని మీద పండితుల చర్చలైన తాల్ముడులో లేదు. మధ్యయుగపు రచనల దాకా దాని జాడే కనపడదు. గంటల మాట అసలే పొసగదు. గంటలుండేది ఏఫోదు అనే యాజక పైవస్త్రం కింద వేసుకునే నీలి నిలువుటంగీ అంచున. జనం పాపాల కోసం ఏటా సేవ జరిగే ప్రాయశ్చిత్త దినాన అతి పరిశుద్ధ స్థలంలోకి వెళ్లేటప్పుడు ఆ అంగీ ఒంటి మీద ఉండదు. లేవీయకాండం 16:4 చెప్పేవి నాలుగే: సన్ననార చొక్కాయి, లాగు, దట్టి, పాగా.

ఆయన లోపలికి వెళ్లేది "ఏడాదికి ఒక్కసారి" అన్నదీ సగమే నిజం. ఒక్క రోజే, కానీ ఆ రోజున నాలుగుసార్లు వెళ్తాడు: ధూపంతో, కోడె రక్తంతో, మేక రక్తంతో, ఆఖరున లోపల వదిలేసిన నిప్పుల పాత్రనూ ధూపపు గరిటెనూ తెచ్చుకోవడానికి. రెండో దేవాలయపు పద్ధతిని మిష్నాలోని యోమా భాగం అడుగడుగునా చెబుతుంది. దేవాలయం క్రీ.శ. 70లో కూలిపోయింది, మిష్నా కూర్పు సుమారు 200 నాటిది. ఇక్కడ చెప్పేది చాలావరకు అందులోదే.

పండుగకు ఏడు రోజుల ముందే ఆయన్ని ఇంటి నుంచి తెచ్చి దేవాలయపు గదిలో ఉంచేవారు. ఆయనకు అపవిత్రత తగిలితే పని ఆగకుండా ఇంకో యాజకుణ్ణీ సిద్ధంగా పెట్టేవారు. అది ఉత్తుత్తి జాగ్రత్త కాదు. హేరోదు కాలంలో మత్తియ అనే ప్రధాన యాజకుడికి ముందు రాత్రి కల వల్ల అపవిత్రత కలిగితే, ఆయన బంధువు యోసేపు ఆ రోజు సేవ చేశాడని మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. అందుకే ముందురోజు పొద్దుగుంకే వేళ తిండి తగ్గించేవారు, తిండి నిద్ర తెస్తుందని. రాత్రి కునికిపాట్లు పడితే యువ యాజకులు ఎదుట చిటికెలు వేసి, చల్లటి బండల మీద నిలబెట్టి లేపేవారు.

బట్టల లెక్క చాలామందిని తికమక పెడుతుంది. ఉదయపు నిత్యబలికి బంగారు వస్త్రాలు, ఆనాటి ప్రత్యేక సేవకు తెల్లనారవి, పొట్టేళ్ల దహనబలులకు మళ్లీ బంగారువి, పాత్రలు తేవడానికి తెల్లవి, సాయంకాలపు నిత్యబలికి బంగారువి. బట్టలు వేసుకునే ప్రతిసారీ ముందు నీళ్లలో మునగాలి, అంటే ఐదు మునకలు. కాళ్లూ చేతులూ కడుక్కోవడం పదిసార్లు: మధ్యలో నాలుగు మార్పులకు విప్పేముందు ఒకటి, తొడుక్కున్నాక ఒకటి చొప్పున ఎనిమిది, మొదట ఒకటి, చివర ఒకటి. ఆయన ముసలివాడైతే నీళ్ల చలి విరగ్గొట్టడానికి వేడినీళ్లు కలిపేవారు.

అసలు కష్టం ధూపం దగ్గర. ధూపద్రవ్యాన్ని ఆ రోజు కోసం మళ్లీ రోట్లో వేసి మెత్తగా నూరేవారు. మామూలు రోజుల్లో వెండి పాత్రతో నిప్పులు తీసి బంగారు పాత్రలోకి ఒంపుతారు. ఆ రోజు ఆయన అలసిపోకుండా నేరుగా 3 కాబుల బంగారు పాత్రతోనే తీస్తాడు. కాబు అంటే 24 కోడిగుడ్ల పరిమాణం. పాత్ర తేలిక, కాడ పొడుగు. రెండు చేతులూ కలిపి దోసెడు ధూపం తీసి గరిటెలో పోసుకుంటాడు. కొలత ఆయన చేతులే: పెద్ద చేతులైతే ఎక్కువ, చిన్నవైతే తక్కువ. నిప్పులు కుడిచేత, గరిటె ఎడమచేత పట్టుకుని తెరలు దాటుతాడు. మందసం (పది ఆజ్ఞల పలకల పెట్టె) లేని రెండో దేవాలయంలో నేలకు మూడు వేళ్ల ఎత్తున్న బండ మీద పాత్ర పెడతాడు.

ఇప్పుడు గరిటెలోని ధూపం తిరిగి దోసిట్లోకి రావాలి. సాయానికి ఇంకో మనిషి ఉండడు. గరిటె అంచును వేళ్ల కొసలతో (పళ్లతో అనేవారూ ఉన్నారు) పట్టుకుని, బొటనవేళ్లతో కొద్దికొద్దిగా తనవైపు లాక్కుంటూ, కాడ చంకదాకా వచ్చాక అరచేతుల్లోకి ఒంపుకోవాలి. దేవాలయంలోని అత్యంత కష్టమైన పనుల్లో ఇదొకటని తాల్ముడు అంటుంది. దీన్ని నేర్పడానికే ముందురోజు ధూపం తయారుచేసే అవ్తీనాస్ కుటుంబపు గదికి తీసుకెళ్లేవారు. అక్కడే "చెప్పిన పద్ధతి మార్చను" అని ప్రమాణం చేయించుకునేవారు. దీని మీద రెండు యూదు వర్గాలకు తగువుండేది: సద్దూకయ్యులు బయటే ధూపం వేసి పొగతో లోపలికి వెళ్లాలనేవారు, పరిసయ్యులు లోపలికి వెళ్లాకే వేయాలనేవారు. లోపల జరిగేది ఎవరూ చూడరు కాబట్టి ప్రమాణమే దిక్కు. అనుమానించబడ్డందుకు ఆయన, అనుమానించినందుకు పెద్దలు పక్కకు తిరిగి ఏడ్చేవారట.

ధూపం వేస్తున్నంతసేపూ కోడె రక్తం బయట ఆగి ఉంటుంది. కోడెను అప్పటికే వధించారు. ఒక యాజకుడు గిన్నెలో దాన్ని కలుపుతూనే ఉండాలి, లేకపోతే గడ్డకడుతుంది. లోపల చిలకరింపు పైకి ఒకటి, కిందికి ఏడు. లెక్క కూడా ప్రత్యేకం: "ఒకటి, ఒకటీ ఒకటి, ఒకటీ రెండు..." అంటూ "ఒకటీ ఏడు" దాకా. పైది కలిపి ఎనిమిదా, విడిగా ఏడా అన్న పొరపాటు రాకుండా. ఇది పూర్తికాకముందే రక్తం ఒలికిపోతే వేరే రక్తం తెచ్చి లోపలి చిలకరింపును మొదటి నుంచీ చేయాలి. లోపలిది పూర్తయ్యాక ఒలికితే పరిశుద్ధ స్థలంలో, తెర ముందు చేసేది మాత్రమే మొదటి నుంచి.

రెండు మేకల్లో దేన్ని వధించాలో, దేన్ని అరణ్యంలోకి విడిచిపెట్టాలో చీట్లు వేసి తేల్చేవారు. చీట్లు మొదట కర్రవి, తర్వాత బెన్ గమ్లా అనే ప్రధాన యాజకుడు బంగారువి చేయించాడు. విడిచిపెట్టే మేక తలకు, వధించే మేక మెడకు ఎర్ర ఉన్ని కట్టేవారు, రెండూ కలిసిపోకుండా.

ధూపం వేసి మొదటిసారి బయటికొచ్చాక ఆయన చేసే ప్రార్థన చాలా చిన్నది. ఎక్కువసేపు ఉంటే బయట జనం హడలిపోతారని. భయం నిజమే, అందుకు విరుగుడు మాత్రం తాడు కాదు, త్వరగా బయటికి రావడం. సాయంత్రం సేవ ముగిశాక సొంత బట్టలు తొడుక్కుంటాడు, జనం ఇంటిదాకా వెంట వస్తారు. క్షేమంగా బయటపడ్డందుకు స్నేహితులకు విందు చేసేవాడు.