మెయిన్స్‌లో నన్ను ఆపేసిన హిట్ అండ్ రన్ ప్రశ్న

మొన్న ఫైనల్ లిస్టులో నా హాల్ టికెట్ నంబరు చూసుకుని అమ్మకి ఫోన్ చేశాను. ఇద్దరికీ మాట రాలేదు. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకి ఇది నా రెండో ప్రయత్నం. స్క్రీనింగ్ గురించి పెద్దగా చెప్పను. బేర్ యాక్టులు (వ్యాఖ్యానం లేని చట్టాల మూలపాఠాలు), పాత పేపర్లు పట్టుకుంటే దాటేస్తారు. మొదటిసారి మెయిన్స్ రాత పరీక్షలో, క్రిమినల్ లా పేపర్లో ఎక్కడ దెబ్బతిన్నానో మాత్రం చెప్పాలి.

ప్రశ్న ఇదీ. రాత్రి హైవే మీద కారు ఒక బైకును గుద్దింది. బైకు మీది మనిషి రోడ్డు మధ్యలో పడిపోయాడు. కారు ఆగలేదు. పావుగంట తర్వాత వచ్చిన లారీ అతని మీదుగా వెళ్లింది. మనిషి చనిపోయాడు. కారు డ్రైవర్ నేరబాధ్యత ఏమిటి?

నాలుగు పేజీలు రాశాను. పాత శిక్షాస్మృతి ఐపీసీలో 279 (నిర్లక్ష్యంగా బండి నడపడం), 304ఏ (నిర్లక్ష్యంతో చావుకి కారణం కావడం), మోటారు వాహనాల చట్టం ఎంవీ యాక్ట్‌లో 134 (ప్రమాదం తర్వాత డ్రైవర్ విధులు), 187 (ఆ విధులు తప్పితే శిక్ష) అన్నీ పెట్టాను. పడిపోయిన మనిషిని వదిలేసి పోవడం ఎంత ఘోరమో ఒక పేజీ నిండా రాసి, ‘పారిపోయాడు కాబట్టి దోషే’ అని తేల్చాను. బాగా రాశాననే ధీమాతో బయటికొచ్చాను. మార్కులు చూశాక వారం రోజులు పుస్తకం ముట్టుకోలేదు. చదవక పోయిందని ఎవరైనా అంటే ఒప్పుకోను. సెక్షన్లన్నీ కంఠతా వచ్చు. ప్రశ్న చావుకి కారణం ఎవరని అడిగితే, నేను కోపంతో పారిపోవడం గురించి రాశాను.

ఆ తేడా కోర్టులో కూర్చున్నాకే అర్థమైంది. మా సీనియర్ గారి వెంట ఒక 304ఏ ట్రయల్‌కి వెళ్లాను. ఎఫ్ఐఆర్ నుంచి చార్జిషీటు దాకా అదే వాక్యం: ‘అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి’. ప్రత్యక్ష సాక్షి చీఫ్‌లో, అంటే ప్రాసిక్యూషన్ అడిగినప్పుడు, బాగానే చెప్పాడు. క్రాస్‌లో డిఫెన్సు లాయరు ‘చాలా స్పీడుగా వచ్చిందన్నారు, ఎంత స్పీడు?’ అని అడిగితే చెప్పలేకపోయాడు. ‘గుద్దకముందు బండి రోడ్డుకి ఏ పక్కన ఉంది?’ ‘సౌండు విని తిరిగి చూశానండీ.’ ఆ ఒక్క జవాబుతో కేసు కూలిపోయింది. డ్రైవర్ పారిపోయాడన్నది రుజువైంది, ఎలా నడిపాడన్నది రుజువు కాలేదు. స్టేట్ ఆఫ్ కర్ణాటక వర్సెస్ సతీష్ (1998) తీర్పు నేను అంతకుముందు పదిసార్లు చదివాను. ‘హై స్పీడ్’ అనే మాట ఒక్కటే నిర్లక్ష్యాన్ని రుజువు చేయదని సుప్రీంకోర్టు ఎందుకందో ఆ రోజు కళ్లారా చూశాను.

అప్పటినుంచి ఇలాంటి ప్రాబ్లం వస్తే గుద్దిన క్షణం దగ్గరే ఆగుతాను. ఆ క్షణానికి ముందు డ్రైవర్ ఏం చేశాడు? బైకే రాంగ్ రూటులో ఎదురొచ్చి, డ్రైవర్ తప్పేమీ లేకపోతే, తర్వాత ఎంత దూరం పారిపోయినా గుద్దడం మీద 304ఏ నిలబడదు. సులేమాన్ రహిమాన్ ములానీ కేసు (1968) కూడా ఈ దారిలోదే. లెర్నర్ లైసెన్సుతో జీపు నడిపాడన్నంత మాత్రాన చావుకి కారణమైన నిర్లక్ష్యం రుజువైనట్టు కాదు. పారిపోవడం తర్వాతి ప్రవర్తనగా సాక్ష్యంలోకి వస్తుంది. ఎవిడెన్స్ యాక్ట్ సెక్షన్ 8, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎస్ఏలో సెక్షన్ 6. జనం కొడతారన్న భయంతో కూడా పారిపోతారు కాబట్టి దాని బరువు అంతవరకే.

ఇక లారీ. కుర్బాన్ హుస్సేన్ కేసు (1965) ఇక్కడ ప్రాణం. రంగుల ఫ్యాక్టరీలో మంటలు లేచి ఏడుగురు చనిపోయారు. లైసెన్సు షరతులు ఉల్లంఘించిన యజమాని మీద 304ఏ నిలవలేదు. ఎందుకంటే మంటకి అసలు కారణం మరో మనిషి నిర్లక్ష్యం. ‘అది లేకపోతే ఇది జరిగేది కాదు’ అనిపించుకునే కాజా సైన్ క్వా నాన్ చాలదు. నేరుగా చావు తెచ్చిన కాజా కాజాన్స్ కావాలి. దీన్ని మన ప్రశ్నకి అన్వయించండి. మొదటి దెబ్బకే మనిషి చనిపోయి ఉంటే లారీ ప్రస్తావనే అనవసరం. అందుకే పోస్టుమార్టంలో ఏ గాయాలు బతికుండగా తగిలాయో చూడాలి. బతికే ఉంటే, చీకట్లో రోడ్డు మధ్య పడున్న మనిషి మీదికి మరో బండి రావడం మొదటి డ్రైవర్ సృష్టించిన ప్రమాదమే, గొలుసు తెగలేదని వాదించవచ్చు. లారీవాడు తాగి, ఎదురుగా మనిషి కనిపిస్తున్నా తొక్కించేస్తే కుర్బాన్ హుస్సేన్ డిఫెన్సు చేతికొస్తుంది. రెండు వైపులా రాసి ఒక వైపు తేలాలి.

పారిపోవడానికి అసలు చోటు ఆ తర్వాత వస్తుంది. గాయపడ్డ మనిషికి వైద్యం అందేలా చూడడం ఎంవీ యాక్ట్ 134 కింద డ్రైవర్ విధి. ఆ విధిని తెలిసీ వదిలేస్తే అది చట్టవిరుద్ధమైన ఒమిషన్ (చేయాల్సింది చేయకపోవడం), దాన్నీ చేసిన పనిగానే లెక్కించే ఐపీసీ 32 గుర్తు చేసుకోండి. మనిషి బతికే ఉన్నాడని, అక్కడ వదిలేస్తే చస్తాడని తెలిస్తే ఐపీసీ 304 పార్ట్ 2 (చావు రావచ్చని తెలిసీ చేసిన, హత్య కిందికి రాని నరహత్య) వాదన మొదలవుతుంది. తాగి కారు నడిపి మనుషుల్ని చంపిన అలిస్టర్ పరేరా, సంజీవ్ నందా కేసులు రెండూ 2012 తీర్పులే. రెండింట్లోనూ 304 పార్ట్ 2 నిలిచింది. వాటిలో ‘నాలెడ్జ్’ ఎలా రాబట్టారో వరసగా చదవండి, తీర్పు పైన ఉండే సారాంశం, అదే హెడ్‌నోట్‌తో సరిపెట్టకండి.

ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్‌లో, 304ఏకి బదులున్న 106(1) శిక్షను ఐదేళ్లకు పెంచింది. పారిపోతే పదేళ్లన్న 106(2)ను లారీ డ్రైవర్ల ఆందోళన తర్వాత పక్కన పెట్టి, మిగతా చట్టాన్ని 2024 జూలై 1 నుంచి అమలు చేశారు. ఆ సబ్‌సెక్షన్ కింద శిక్ష వేసేసిన జవాబులు మా గ్రూపులోనే చూశాను. మీరు ఆ తప్పు చేయకండి.

రోజుకో ప్రాబ్లం చేత్తో రాయండి. ఇందులో నేను మొండిగా ఉంటాను. చదివింది మనదన్న భ్రమ రాసేటప్పుడే పోతుంది. పెళ్లిళ్లకి వెళ్లలేదని చుట్టాలు ఇప్పటికీ నన్ను అంటున్నారు. అననివ్వండి, ఆ సాయంత్రాలు నాకు కావలసి వచ్చాయి.

వైవాలో, అంటే ఇంటర్వ్యూలో, ఇదే సబ్జెక్టు నుంచి ప్రశ్న వచ్చింది. ‘బండి ఎవరిదో చివరిదాకా తెలియలేదు. చనిపోయిన మనిషి భార్యకి చట్టం ఏమిస్తుంది?’ ఎంవీ యాక్ట్ 161 కింద, 2022 ఏప్రిల్ 1 నుంచి, 2 లక్షల పరిహారం అన్నాను. ‘ఆమెకి ఆ సంగతి ఎవరు చెప్తారు?’ అని అడిగారు ఇంటర్వ్యూ బోర్డులోని మేడమ్. నా ముందుకొచ్చిన కేసైతే నేనే చెప్తానన్నాను.