పిక్కలకు కట్టు

మంగళవారం, రాత్రి 11.40

ఇవాళ మళ్ళీ ఐరన్ ఎక్కించుకున్నాను, ఇది రెండోసారి. మంచం మీద కూర్చుని రాస్తున్నాను కానీ ఎంతసేపు కూర్చోగలనో తెలీదు. ఎడమ పిక్కలో అప్పుడే మొదలైంది. నొప్పి కాదు, తిమ్మిరీ కాదు. ఎముకకీ కండకీ మధ్య ఏదో మెల్లగా పాకుతున్నట్టు, లేచి నాలుగడుగులు వేస్తే తప్ప పోనన్నట్టు ఉంటుంది. ఇన్నేళ్ళుగా పడుతున్నా, ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నాకు సరైన మాట దొరకదు. డాక్టర్లు దీన్ని రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అంటారు. అమ్మ మాత్రం ఒక్క మాటలో తేల్చేస్తుంది: "కాళ్ళు పీకుతున్నాయే."

పొద్దున ఎనిమిదిన్నరకే ఆసుపత్రికి వెళ్ళాం, అమ్మా నేనూ. కావాలనే పొద్దున టైము అడిగాను. పగలు కాళ్ళు నా మాట వింటాయి. క్లాసులో నిలబడి లెక్కలు చెప్పేటప్పుడు ఈ జబ్బు ఉన్నట్టే గుర్తుండదు. సాయంత్రం ఆరు దాటాక కుర్చీలో కూలబడితే అప్పుడు మొదలవుతుంది. కిందటిసారి వేరేచోట సాయంత్రం ఏడింటికి ఎక్కించారు. చేతికి సూది ఉంది కాబట్టి కదలకూడదు, కాళ్ళేమో కదలమంటాయి. పళ్ళు బిగబట్టుకుని పడుకున్నా కుదరలేదు. అటూ ఇటూ మెదిలేసరికి సూది జరిగి మందు కాస్త చర్మం కిందికి దిగింది. మణికట్టు పైన రూపాయి బిళ్ళంత గోధుమరంగు మచ్చ పడింది. పద్నాలుగు నెలలైనా ఇంకా కనిపిస్తూనే ఉంది. ఎంతైనా ఇనుము కదా, చర్మంలోకి దిగితే పచ్చబొట్టులా ఉండిపోతుంది. అందుకే ఇవాళ ముందు ఉత్తి సెలైన్ పంపి చూడమని సిస్టర్‌ని అడిగాను. ఆ అమ్మాయి విసుక్కోకుండా పంపింది. మంట లేదు, వాపు లేదు. అప్పుడు మందు కలిపిన సీసా తగిలించింది. డికాక్షన్ రంగు ద్రవం చుక్క చుక్కగా ట్యూబులోకి దిగుతుంటే అమ్మ కళ్ళార్పకుండా చూసింది.

అంతకుముందు అవిల్ దగ్గర కాస్త చిక్కొచ్చింది. ఎలర్జీ రాకుండా ముందు అవిల్ ఇంజెక్షన్ చేయడం చాలాచోట్ల అలవాటు. సిస్టర్ సిరంజిలోకి తీసేసింది కూడా. "వద్దమ్మా, నాకు కాళ్ళ జబ్బు, అది పడితే రాత్రంతా నిద్ర ఉండదు" అన్నాను. "అందరికీ చేస్తాం మేడం, ఏమీ కాదు" అంది. ఆ అమ్మాయి తప్పేం లేదు. కానీ కిందటిసారి ఆ ఇంజెక్షన్ చేయించుకుని తెల్లవారుజామున నాలుగింటిదాకా హాల్లో తిరిగాను. మత్తు తెప్పించే ఎలర్జీ మందులు మెదడులోకి వెళ్ళి ఈ జబ్బును రెచ్చగొడతాయి. జలుబు మాత్రల్లో, దగ్గు సిరప్పుల్లో ఉండేవీ చాలావరకు అవే. వాంతులు తగ్గడానికి ఇచ్చే మందుల్లో కొన్నీ అంతే. డాక్టరుగారికి ఫోన్ చేయించాను. నాకు ఇదివరకు దేనికీ ఎలర్జీ లేదు కాబట్టి అవసరం లేదన్నారు. సిస్టర్ నా ఫైలు మీద ఎర్ర ఇంకుతో "అవిల్ వద్దు" అని రాసి, కింద గీత గీసింది. ఆ గీత చూస్తే కళ్ళు చెమర్చాయి. ఇంత చిన్న విషయానికి ఎందుకో నాకే తెలీదు.

మందు పావుగంట పైన పట్టింది. తర్వాత అరగంట కూర్చోబెట్టారు. పక్క కుర్చీలో కొత్తగా పెళ్ళైనట్టున్న అమ్మాయి, ఆ పక్కన బిడ్డ తల్లి, ఇద్దరికీ రక్తం తక్కువేనట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అదంతా హిమోగ్లోబిన్ చూసి కట్టిన లెక్క. హిమోగ్లోబిన్ బాగానే ఉండి లోపల నిల్వ అడుగంటిన నాలాంటివాళ్ళు ఆ లెక్కలోకి రారు.

2021 నాటి రిపోర్టు ఇప్పటికీ దాచుకున్నాను. హిమోగ్లోబిన్ 12.2. అంతా నార్మల్, టెన్షన్ తగ్గించుకోండి అన్నారు. నిద్రకని రాత్రి వేసుకోమని ఓ మాత్ర రాశారు. అది ఎమిట్రిప్టిలిన్. దాంతో ఉన్న నిద్రా పోయింది. ఆ మందు కూడా కొందరిలో కాళ్ళను ఇంకా ఎగదోస్తుందని మూడేళ్ళ తర్వాత తెలిసింది. ఆ మూడేళ్ళూ నా మనసే బాగాలేదనుకున్నాను. హైదరాబాదు వెళ్ళాలంటే నైట్ బస్సు పేరెత్తితేనే భయం. స్లీపర్ బెర్తులో పడుకుని కాళ్ళు ఎక్కడ పెట్టుకోను? ఆయన్ని ఒక్కరినే పంపించి, పెళ్ళిళ్ళకి నేను ఎన్నిసార్లు ఎగ్గొట్టానో.

2024లో ఇప్పటి న్యూరాలజీ డాక్టరుగారు మూడే మూడు ప్రశ్నలు అడిగారు. లేచి నడిస్తే తగ్గుతుందా? రాత్రి పూటే ఎక్కువా? ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? తర్వాత ఫెరిటిన్ పరీక్ష రాశారు. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది అదే. 14 వచ్చింది. రిపోర్టు మీద నక్షత్రం గుర్తు లేదు, ముదురు అక్షరాలూ లేవు. ల్యాబువాళ్ళ లెక్కలో ఆడవాళ్ళకి 14 కూడా నార్మలే. కాళ్ళ జబ్బు ఉన్నవాళ్ళకి మాత్రం ఆ లెక్క చాలదన్నారు డాక్టరుగారు. 75 కన్నా తక్కువుంటే ఐరన్ ఇవ్వాలి, 75కీ 100కీ మధ్య ఉన్నా సెలైన్‌లో ఎక్కించే ఐరన్ గురించి ఆలోచించాలి. మెదడులో డోపమైన్ తయారు కావాలంటే ఇనుము కావాలట. రక్తంలో సరిపడా కనిపిస్తున్నా, మెదడుకి అందేది తక్కువైతే కాళ్ళకి ఇలా అవుతుందట. "ఇది మీ ఊహ కాదు" అన్నారాయన. ఆ రోజు ఆటోలో ఇంటికి వస్తూ ఆ మాటే నాలో నేను అనుకుంటూ వచ్చాను.

ముందు మాత్రలు వాడాను. రోజు విడిచి రోజు, పరగడుపున నిమ్మరసంతో. రోజూ వేసుకుంటే ఒంటికి ఇంకా తక్కువ పడుతుందని అలా చెప్పారు. కాఫీ రెండు గంటలు ఆగాక తాగేదాన్ని. మూడు నెలలు కడుపు బిగించుకుపోయి బాధపడితే 14 కాస్తా 29 అయింది. అప్పుడు బయటపడింది ఇంకో సంగతి. ఆరేళ్ళుగా రోజూ పొద్దున లేవగానే గ్యాస్ టాబ్లెట్ వేసుకుంటున్నాను, పళ్ళు తోముకున్నంత మామూలుగా. కడుపులో ఆమ్లం తగ్గితే ఇనుమూ సరిగా పట్టదు. ఎదురింటి పిన్నిగారు మునగాకు, తోటకూర, నువ్వులూ బెల్లం దంచిన చిమ్మిలి చేసి పంపేవారు. ఎంతో ప్రేమగా తిన్నాను, ఇప్పటికీ తింటాను. కానీ ఆకుకూరల్లోని ఇనుములో ఒంటికి పట్టేది కొంచెమే. ఖాళీ అయిన గాదె దాంతో నిండదు.

అందుకే సెలైన్‌లో వెయ్యి మిల్లీగ్రాములు. కిందటిసారి ఎక్కించిన మర్నాడే బాగైపోతుందనుకుని రోజూ నిరాశపడ్డాను. అయిదో వారంలో ఒకనాడు పాలవాడు తలుపు తడితే గాని మెలకువ రాలేదు. అయిదున్నర! ఆయన కంగారుపడి నుదుటి మీద చెయ్యి వేసి చూశారు, జ్వరమేమోనని. పన్నెండు వారాలకి ఫెరిటిన్ 162. దాదాపు ఎనిమిది నెలలు మనిషిలా నిద్రపోయాను. తర్వాత మళ్ళీ ఒక్కో రాత్రీ జారిపోతూ వచ్చింది. పోయిన నెల చూస్తే 52. నెలసరిలో పోయే రక్తమే కారణం, గర్భాశయంలో గడ్డలున్నాయి. చిల్లు కుండలో ఎన్ని నీళ్ళు పోస్తే ఏం, ముందు చిల్లు చూడాలి అన్నారు గైనకాలజీ మేడం. వచ్చే వారం స్కానింగ్. రెండు వారాల తర్వాత ఒళ్ళు నొప్పులు, నీరసం ఉంటే ఫాస్ఫరస్ పరీక్ష కూడా చేయించాలి, ఈ మందుతో ఒక్కోసారి అది పడిపోతుందట. క్యాలెండరులో రాసి పెట్టుకున్నాను.

అసలు ఇవాళ రాయాలనుకున్నది అమ్మ గురించి.

నాకు ఏడేళ్ళప్పుడు గుడివాడ దగ్గర మా ఊళ్ళో, అరుగు మీద చాప వేసుకుని బోర్లా పడుకుని "కాళ్ళు తొక్కవే" అనేది. గోడ పట్టుకుని ఆమె పిక్కల మీద నిలబడేదాన్ని. "ఇంకాస్త గట్టిగా" అనేది. నాకు నిద్ర ముంచుకొచ్చి కూలబడిపోతే, పాత నేత చీర పేలికలు తీసి మోకాలి కింద ఒకటి, చీలమండ పైన ఒకటి బిగించి కట్టుకునేది. పొద్దున లేచేసరికి ఆ చోట ఎర్రగా గాడి పడి ఉండేది. కూర్చుని కాళ్ళూపుతోందని నాయనమ్మ ఎన్ని మాటలనేదో. కాళ్ళూపితే ఇంటికి దరిద్రమట. అమ్మ ఎదురు చెప్పేది కాదు. లేచి పెరట్లోకి వెళ్ళిపోయేది, చీకట్లో బావి చుట్టూ తిరిగేది. ఎప్పుడు మొదలైందమ్మా అని అడిగితే "నువ్వు కడుపులో ఉన్నప్పుడు" అంది. గర్భిణులకి ఇది రావడం మామూలేనట. చాలామందికి కాన్పుతో తగ్గిపోతుంది, అమ్మకి తగ్గలేదు. 1672లోనే లండన్ వైద్యుడు థామస్ విల్లిస్ ఈ జబ్బు గురించి రాశాడు, ఇలాంటి వాళ్ళు పడే యాతనను చిత్రహింసతో పోల్చాడు. 1945లో స్వీడన్ డాక్టరు ఎక్‌బోమ్ దీనికి పేరు పెట్టాడు. ఆ పేరు మా అరుగు దాకా రాలేదు.

అందుకే ఇవాళ పరగడుపున అమ్మని కూడా తీసుకెళ్ళాను. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ అబద్ధంగా ఎక్కువ చూపిస్తుందని, కిందటి నెల వచ్చిన దగ్గు పూర్తిగా తగ్గేదాకా ఆగాను. "డెబ్భై ఒకటొచ్చాక నాకెందుకే ఇవన్నీ" అంటూనే చెయ్యి చాపింది.

రిపోర్టు రాత్రి ఏడింటికి ఫోన్‌లో వచ్చింది. హిమోగ్లోబిన్ 11.8. ఫెరిటిన్ 17.

రాత్రి 1.20

నడిచి వచ్చాను. చన్నీళ్ళతో కాళ్ళు కడుక్కున్నాను, కాస్త నయం. వంటింట్లో లైటు వెలుగుతుంటే వెళ్ళి చూశాను. అమ్మ గట్టుకి ఆనుకుని నిలబడి మడమలు ఎత్తుతూ దించుతూ ఉంది. నన్ను చూసి "నీకూ పట్టలేదా" అంది. పక్కపక్కనే నిలబడ్డాం కాసేపు.

రిపోర్టు సంగతి చెప్పాను. నీకు ఈ వయసులో ఐరన్ ఎందుకు తగ్గిందో ముందు చూడాలంటున్నారు, కడుపు, పేగుల పరీక్షలు ఉండొచ్చు, తర్వాత నీకూ నాలాగే ఎక్కిస్తారు అన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు.

"అంటే అది ఇనుమా" అంది చివరికి. "మా అత్తగారు నా బుద్ధి నిలకడ లేనిదనేది."

హాల్లోకి వచ్చి కూర్చున్నాక దిండు కింద నుంచి పేలిక తీసింది. తెల్లటిది, అంచు నీలం. వేళ్ళు వణుకుతున్నాయి, ముడి పడటం లేదు. నేను కింద కూర్చుని, ఆమె పాదం ఒళ్ళో పెట్టుకుని, మోకాలి కింద రెండు చుట్లు తిప్పాను.

"ఇంకాస్త గట్టిగా" అంది.